పూచీకత్తు దొరక్క ఆగే డిశ్చార్జి

నేరం మతిస్థిమితం లేని స్థితిలో చేశాడు గనుక నిర్దోషి అని కోర్టు తేల్చినా మనిషి ఇంటికి రాడు. నల్లగొండ, పాలమూరు వైపు నుంచి వెళ్లేవాళ్లు సాధారణంగా చేరేది హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి. జబ్బు కుదుటపడ్డాక కూడా అక్కడే ఏళ్లు గడుస్తాయంటే, దాని మూలం వైద్యంలో కన్నా పాత చట్టంలోనే ఎక్కువ.

మతిస్థిమితం లేని స్థితిలో చేసిన పని నేరం కాదని 1860 శిక్షాస్మృతి 84వ సెక్షన్ చెప్పింది. ఆ మనిషిని భద్రమైన కస్టడీలో ఉంచమని, బంధువో స్నేహితుడో పూచీకత్తు ఇచ్చి అడిగితే అప్పగించవచ్చని 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ చెప్పింది. నిజాం రాజ్యంలో ఉన్న మన జిల్లాలకు ఇవి 1951లో వర్తించాయి. అదే ఏర్పాటు 1973 కోడ్‌లో 335, 339 సెక్షన్లయింది. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 374, 378. శిక్ష పడ్డవాడికి విడుదల తేదీ ఉంటుంది, ఈ నిర్దోషికి ఉండదు. ఇది అన్యాయం.

విచారణకు పనికిరాడని కేసు ఆగినవాళ్లది మరీ ఘోరం. అస్సాంలో 1951లో అరెస్టైన ఓ గిరిజనుడు కోలుకున్నాడని ఆస్పత్రి 1967లోనే చెప్పింది. ఇంటికి పంపాల్సింది పోయి మళ్లీ జైలుకు పంపారు, బయటపడేసరికి 2005 వచ్చింది. ఆస్పత్రిలో ఉంచాల్సిన అవసరం లేనివాళ్లకు ఏ నేరమైనా బెయిలు ఇవ్వొచ్చని 2008 సవరణ దారి తెరిచింది. అయితే క్రమం తప్పక వైద్యం చేయిస్తామని మళ్లీ బంధువో స్నేహితుడో హామీ ఇవ్వాలి.

చిక్కంతా ఆ బంధువు దగ్గరే. హత్య కేసుల్లో చనిపోయింది చాలాసార్లు భార్యో, తల్లో, అన్నో. ఇక సంతకం ఎవరు పెడతారు? మిగిలినవాళ్లు బొంబాయికో, పుణెకో వలసపోయి ఉంటారు. ఫైల్లో పాత మహబూబ్‌నగర్ జిల్లా చిరునామా ఉంటుంది. 2016 అక్టోబరులో జిల్లాల విభజన తర్వాత ఆ ఊరు నాగర్‌కర్నూలుకో, వనపర్తికో, గద్వాలకో పోయి ఉండొచ్చు. నారాయణపేట 2019లో విడిపోయింది. అందుకే బంధువులకు ఉత్తరం పంపేముందు మండలం ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో చూసుకోవాలి.

బంధువు లేకున్నా దారి ఉంది. విడుదల చేస్తే తనకూ ఇతరులకూ ప్రమాదం లేదని అధికారులు ధ్రువీకరిస్తే, రాష్ట్ర ప్రభుత్వమే ఉత్తర్వు ఇవ్వొచ్చు (పాత 338, ఇప్పటి 377). కుటుంబం వదిలేసిందన్న కారణంతోనే ఆస్పత్రిలో ఉంచకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. ఉండడానికి చోటు చూపాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే.

డిశ్చార్జి కాగితంలో మందు పేరు, మోతాదు, తర్వాతి తేదీతో పాటు ఎక్కడ దొరుకుతుందో కూడా రాయాలి. ఫ్లూఫెనజిన్ లాంటి, ఒంట్లో నిల్వ ఉండి మెల్లగా పనిచేసే ఇంజెక్షన్ రెండు నుంచి నాలుగు వారాలకోసారి పడాలి. దానికోసం అచ్చంపేట నుంచి ప్రతిసారీ హైదరాబాద్ రమ్మంటే రెండో నెలకే తప్పుతుంది. జబ్బు తిరగబెడుతుంది, పూచీ పడ్డవాడు భయపడి వెనక్కి తీసుకుంటాడు.