ఇంటిపేరు దాస్తే ఏమవుతుంది?

గాజువాక నుంచి ఒక పాఠకుడు అడిగారు: "రెజ్యూమే మీద ఇంటిపేరు కొట్టేసి పంపితే మేలా? ఇంటిపేరు చూస్తే కులం తెలిసిపోతుంది కదా." ప్రశ్న చిన్నదే. కానీ అమెరికాలో నల్లజాతివాళ్ల ఉద్యోగాలు, చదువుల మీద పరిశోధన చేసే ఆర్థికవేత్తలు యాభై ఏళ్లుగా దీంతోనే కుస్తీ పడుతున్నారు. జాతి వేరు, కులం వేరు. ఎదుటివాణ్ని అంచనా కట్టే లెక్క మాత్రం రెండుచోట్లా ఒకటే.

పేరు ప్రభావం ఉందా లేదా అన్న అనుమానం అక్కర్లేదు. మరియాన్ బెర్ట్రాండ్, సెంథిల్ ముల్లైనాథన్ కలిసి బోస్టన్, షికాగో పత్రికల్లో పడ్డ ఉద్యోగ ప్రకటనలకు దాదాపు 5,000 కల్పిత రెజ్యూమేలు పంపారు. ఏ రెజ్యూమేకి ఏ పేరన్నది చీటీ తీసినట్టు నిర్ణయించారు. కొన్నిటికి ఎమిలీ, గ్రెగ్ లాంటి తెల్లవాళ్ల పేర్లు, కొన్నిటికి లకీషా, జమాల్ లాంటి నల్లవాళ్ల పేర్లు. 2004లో అచ్చయిన ఫలితం: తెల్ల పేర్లకు నూటికి 9.65 పిలుపులు, నల్ల పేర్లకు 6.45. మన దేశంలో సుఖదేవ్ థోరట్, పాల్ అట్‌వెల్ ఇదే పద్ధతిలో ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపి 2007లో ప్రచురించారు. సమాన అర్హతలున్నా పిలుపు వచ్చే అవకాశం అగ్రకుల పేరుకి 1 అనుకుంటే, దళిత పేరుకి 0.67, ముస్లిం పేరుకి 0.33.

పేరులో ఒక అక్షరం పెంచుకుంటే ఉద్యోగం ఖాయమని డబ్బు గుంజే న్యూమరాలజిస్టులు మన ఊళ్లో తక్కువేం లేరు. పేరు జాతకం మారుస్తుందన్నంతవరకూ వాళ్లు నిజమే చెబుతున్నారు. అక్షరాల కూడికలో ఏమీ లేదు, జాతకం ఉన్నదంతా చదివేవాడి బుర్రలో.

ఆ బుర్రలో జరిగే లెక్కే నాకు ఇష్టమైన భాగం. ద్వేషంతో జరిగే వివక్షని ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1957లోనే సూత్రాల్లో పెట్టాడు. దాన్ని దాటేస్తున్నాను, అందులో ఆశ్చర్యపోవడానికి పెద్దగా ఏమీ లేదు. మరో ఆర్థికవేత్త ఎడ్మండ్ ఫెల్ప్స్ 1972లో చూపించింది అంతకంటే చిత్రమైనది. ఎవరిమీదా ద్వేషం లేనివాడు కూడా వివక్ష చూపిస్తాడు, అదీ చక్కగా లెక్క కట్టుకుని.

తెల్లవారుజామున విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో వేలం జరుగుతుంటే గమనించండి. తెలిసిన వ్యాపారి వంజరం మొప్ప వేలితో ఎత్తి చూస్తాడు. లోపల ఎర్రగా ఉంటే పాట పెంచుతాడు. చేప ఏ బోటుదో అడగడు. అదే చేప పెట్టెలో ఐస్ కింద కప్పబడి, మొప్ప చూసే వీల్లేకపోతే? అప్పుడు బోటు పేరు అడుగుతాడు. "వాళ్లు ఐస్ సరిగ్గా వెయ్యరు" అని ఊళ్లో మాట ఉంటే, ఆ రోజు చేప ఎంత తాజాగా ఉన్నా ధర పడిపోతుంది.

ఫెల్ప్స్ సూత్రం ఇంతే: అంచనా = ధ × కనబడిన మార్కు + (1 − ధ) × గుంపు సగటు. ఇక్కడ 'ధ' అంటే ఆ మార్కుని ఎంత నమ్మవచ్చో చెప్పే భారం, సున్నా నుంచి ఒకటి దాకా. ఇద్దరికీ 80 మార్కులే వచ్చాయి. ఒకరి గుంపు సగటు 60 అని, ఇంకొకరిది 50 అని కంపెనీవాడి మనసులో ఉంది. ధ 0.9 అయితే అంచనాలు 78, 77. ఇంచుమించు తేడా లేదు. ధ 0.5 అయితే 70, 65. ధ 0.1కి పడిపోతే 62, 53. అంటే తేడా ఎప్పుడూ (1 − ధ) × 10. మొప్ప బాగా కనబడితే బోటు పేరుతో పని లేదు, మొప్ప మూసేస్తే ధర పలికేది బోటు పేరే.

ఇప్పుడు అసలు మెలిక. సమాచారం దాచిపెడితే ధ తగ్గుతుంది. మేలు చేద్దామని దాచినా సరే, తగ్గుతుంది.

న్యూజెర్సీ రాష్ట్రంలో, న్యూయార్క్ నగరంలో ఉద్యోగ దరఖాస్తు మీద "నేరచరిత్ర ఉందా?" అనే ప్రశ్న పెట్టకూడదని చట్టం తెచ్చారు. శిక్షలు పడ్డవాళ్లలో నల్లవాళ్ల వాటా ఎక్కువ కాబట్టి వాళ్లకే మేలు జరుగుతుందని ఆశ. అమాండా ఏగన్, సోన్యా స్టార్ చట్టానికి ముందూ తర్వాతా మొత్తం 15,000 దాకా కల్పిత దరఖాస్తులు పంపారు. ఆ ప్రశ్న అడిగే కంపెనీల్లో ముందు తెల్ల యువకులకు నల్ల యువకులకంటే 7 శాతం ఎక్కువ పిలుపులు వచ్చేవి. ప్రశ్న తీసేశాక అది 43 శాతం అయింది. ఏ మచ్చా లేదని కాగితం మీదే చూపించుకునే దారి నల్ల కుర్రాడికి మూసుకుపోయింది. కంపెనీవాడు బోటు పేరు చూసుకున్నాడు.

ఫ్రాన్స్‌లో పేరుతో సహా వివరాలు తీసేసి దరఖాస్తులు పంపి చూశారు. వలస కుటుంబాల పిల్లలకు ఇంటర్వ్యూ పిలుపులు పెరగలేదు సరికదా, తగ్గాయి. ఆ ప్రయోగానికి ముందుకొచ్చినవి కాస్త మంచి మనసున్న కంపెనీలే. పేరు కనబడినప్పుడు "పాపం, ఆ పేటలో పెరిగి ఇంతదాకా వచ్చాడు" అని రెజ్యూమేలో లోటుపాట్లు సర్దుకునేవాళ్లని పరిశోధకుల అంచనా. పేరు పోగానే ఆ సర్దుబాటూ పోయింది.

ఇక బోటు యజమాని వైపు నుంచి చూద్దాం. ఐస్‌కి డబ్బు ఖర్చవుతుంది. ఐస్ వేసినా వెయ్యకపోయినా తన పెట్టెకి ఒకే ధర పలుకుతుందని తెలిశాక ఎందుకు వేస్తాడు? మానేస్తాడు. నెల తిరక్కుండా చేపలు నిజంగానే మెత్తబడతాయి. "మేం అనలా?" అంటారు వ్యాపారులు. మొదట్లో ఆ మాట అబద్ధమైనా, ధర దాన్ని నిజం చేసి కూర్చోబెట్టింది. స్టీఫెన్ కోట్, గ్లెన్ లౌరీ 1993లో దీన్నే గణితంలో నిరూపించారు. రెండు గుంపులు పుట్టుకతో అన్నివిధాలా సమానమైనా, ఒక గుంపు మీద చెడ్డ అంచనా ఉంటే చదువు మీద డబ్బూ కాలమూ పెట్టాలన్న ఉత్సాహం ఆ గుంపులో తగ్గుతుంది, తగ్గాక అంచనా నిజమై అక్కడే నిలబడిపోతుంది. "వాళ్ల పిల్లలకి చదువు మీద శ్రద్ధ లేదండీ" అని తీర్పులిచ్చే పెద్దమనుషులకి ఈ పేజీలు చదివి వినిపించాలనిపిస్తుంది.

బడిలోనూ ఇదే లెక్క నడుస్తుంది. రీమా హన్నా, లీ లిండెన్ మన దేశంలోనే ఒక నగరంలో పరీక్ష పెట్టి, జవాబు పత్రాల పైన కులం వివరాలు చీటీ తీసినట్టు మార్చి రాసి టీచర్లకిచ్చారు. కింది కులం అని రాసి ఉన్నవాటికి కాస్త తక్కువ మార్కులు పడ్డాయి. ఆ తేడా కట్టలో మొదట దిద్దిన పేపర్లలో ఎక్కువ, పోనుపోను తగ్గింది. పదిపేపర్లు దిద్దాక ఏ జవాబుకి ఎంత వెయ్యాలో టీచర్‌కి అంతుపడుతుంది, ధ పెరుగుతుంది, పైనున్న కులంతో అవసరం తీరిపోతుంది. మరో సంగతి, అలా తగ్గించడం ఎక్కువగా కనబడింది కింది కులాల టీచర్లలోనే. ద్వేషం ఒక్కదానితో దీన్ని ఎలా వివరిస్తారు?

పిల్లల తరఫున ఇంకో పరిశోధన ఉంది. ఉత్తరప్రదేశ్‌లో కర్లా హాఫ్, ప్రియాంకా పాండే ఆరు, ఏడు తరగతుల అబ్బాయిల చేత దారి కనుక్కునే పజిళ్లు చేయించారు. కులం బయటపెట్టనప్పుడు అందరూ సమానంగా చేశారు. అందరిముందూ కులం చదివాక దళిత పిల్లల ఫలితం ఐదో వంతుకి పైగా పడిపోయింది. స్కాలర్‌షిప్ ఫారాలు వచ్చిన రోజు "ఎస్సీలు లేవండి, బీసీ-బీ వాళ్లు లేవండి" అని క్లాసు మధ్యలో కేకేసే మాస్టార్లు దీన్ని ఒకసారి తలుచుకుంటే బాగుండు. ఫారం ఒక్కొక్కర్నీ పిలిచి ఇవ్వొచ్చు.

సరే, ఇంటిపేరు కొట్టెయ్యాలా? ఒక్క ఇంటిపేరు తీస్తే కులం పోదు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివామని రాస్తే చాలు, తెలుగు మీడియం, ఊరు, తండ్రి పేరు మిగతాది చెప్పేస్తాయి. దానికంటే ధ పెంచేవి రాయడం నయం: ర్యాంకు, చేసిన ప్రాజెక్టు, నడిచే కోడ్. మొప్ప ఎత్తి చూపించడం అన్నమాట.

ఇక్కడొక ఇబ్బంది ఉంది, దాటవేయకూడదు. బెర్ట్రాండ్, ముల్లైనాథన్ ప్రయోగంలో రెజ్యూమే నాణ్యత పెంచితే తెల్ల పేర్లకు పిలుపులు 30 శాతం పెరిగాయి, నల్ల పేర్లకు పెరిగింది దానికి చాలా తక్కువ. మొప్ప చూపించినా వ్యాపారి నమ్మలేదు. ఫెల్ప్స్ సూత్రంలోనే దీనికీ చోటుంది: సగటులు రెండూ 60 అయినా ఒక గుంపుకి ధ 0.8, ఇంకో గుంపుకి 0.5 అయితే, 80 మార్కుల వాళ్ల అంచనాలు 76, 70 అవుతాయి. విశాఖ కార్పొరేట్ కాలేజీలో 80 శాతం అంటే ఎంతో హెచ్‌ఆర్‌లో కూర్చున్నవాడికి తెలుసు. పాడేరు కాలేజీలో 80 శాతాన్ని ఎంత నమ్మాలో తెలీదు. నష్టపోయేది అక్కడి బాగా చదివే పిల్లలే. 40 మార్కుల వాడికి ఇదే లెక్కలో 44కి బదులు 50 దక్కుతుంది! రెండో కారణం ఇంకా మొరటుది. పేరు దగ్గరే చదవడం ఆపేసేవాళ్లకు కింద ఏం రాసినా ఒకటే. అలాంటివాళ్ల బల్ల మీదికి వెళ్లే రెజ్యూమేకి మాత్రం పేరు దాచడం పనికొస్తుంది.

అలాంటివాళ్లు అన్ని కంపెనీల్లోనూ ఉండరు. పాట్రిక్ క్లైన్, ఇవాన్ రోజ్, క్రిస్టఫర్ వాల్టర్స్ 2022లో ప్రచురించిన ప్రయోగం ఇప్పటిదాకా వచ్చినవాటిలో చాలా పెద్దది: అమెరికాలో 108 పెద్ద కంపెనీలకు 83,000కు పైగా దరఖాస్తులు. నల్ల పేరు వల్ల నూరు దరఖాస్తులకు సగటున 2.1 పిలుపులు తగ్గాయి. ఆ పోయిన పిలుపుల్లో దాదాపు సగం ఐదో వంతు కంపెనీల దగ్గరే పోయాయి.