పూసలో చిల్లు ఎక్కడిది?

చెన్నై పెరంబూరు నుంచి ఒకావిడ రాశారు. ఇంట్లోనే జుమ్కీలు, గొలుసులు కట్టి అమ్ముతారట. సామానంతా సౌకార్‌పేటలో, గోవిందప్ప నాయకన్ వీధిలో కొంటారు. ఆవిడ అడిగినవి రెండు. “నంబరు పెరిగేకొద్దీ పూస చిన్నదవుతుందేమిటండీ? 8/0 కంటే 11/0 చిన్నది, ఇదేం లెక్క? రెండోది, రెండు మిల్లీమీటర్లున్న గాజుపూసకి అంత సన్నటి చిల్లు ఎవరు పెడతారు, దేంతో పెడతారు?”

మొదటి ప్రశ్న మీద నాకు పెద్ద మోజు లేదు. నూలు నంబరు, తీగ గేజీ కూడా ఇలాగే తిరగేసి నడుస్తాయి. అంకె పెరిగితే సరుకు సన్నం. సుమారుగా 6/0 నాలుగు మిల్లీమీటర్లు, 8/0 మూడు, 11/0 రెండు, 15/0 ఒకటిన్నర. ఒక కంపెనీ పదకొండు ఇంకో కంపెనీ పదకొండుతో సరిపోదు. హిరోషిమా వైపు తయారయ్యే మియుకి, తోహో పూసల్నీ చెక్ దేశపు యాబ్లోనెట్స్ పూసల్నీ ఒకే వరసలో గుచ్చి చూడండి, వరస వంకర పోతుంది. ఒక ఆర్డరుకి కావలసినదంతా ఒకే పొట్లంలోంచి తీసుకోండి, గొడవ ఉండదు.

రెండో ప్రశ్న అలా తేలిగ్గా వదిలేది కాదు. బీడ్ క్యాపులు, హెడ్ పిన్నులు, ఐ పిన్నులు, జంప్ రింగులు, గేర్ లాకులు, లాబ్‌స్టర్ కొక్కేలు... కొట్లో డబ్బాల్లో పోసి ఉన్న ఈ సామానంతా దేనికి? పూసలో ఉన్న ఒక్క చిల్లులోంచి ఏదో ఒకటి దూర్చి, అవతల జారిపోకుండా ఆపడానికే. ఆ చిల్లు ఎలా వచ్చిందో మాత్రం ఎవరూ అడగరు.

రాయికైనా ముత్యానికైనా చిల్లు కావాలంటే తొలవాల్సిందే. గుజరాత్‌లోని ఖంభాత్‌లో గట్టి రాళ్ళని తొలవడానికి మొనలో వజ్రపు నలుసులు బిగించిన బరమాని విల్లుతో తిప్పడం తరాల నాటి పద్ధతి. ఎన్ని పూసలో అన్ని చిల్లులు, ఒక్కోదానికీ విడిగా శ్రమ. షుగర్ బీడ్స్, కట్‌దానా, పైప్ బీడ్స్ అంటూ మగ్గం వర్కు వాళ్ళు కొనే చిన్న గాజుపూసలకి ఈ అవస్థ లేదు. వాటికి చిల్లు పెట్టే పనే లేదు. పూస పుట్టకముందే చిల్లు ఉంటుంది.

మన తిరుపతి జిల్లాలో, రేణిగుంటకీ శ్రీకాళహస్తికీ మధ్య పాపానాయుడుపేట అని ఒక ఊరుంది. గాజుపూసలు లాగడం అక్కడ తరాలుగా వచ్చిన పని. పూసల చరిత్రకే జీవితం ధారపోసిన అమెరికన్ పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ ఆ పనిని చూసి వివరంగా రాసిపెట్టాడు. ముందు కొలిమిలో మెత్తబడ్డ గాజు ముద్దని ఒక బోలు ఇనుప గొట్టం చివర పట్టిస్తారు. ఆ గొట్టం పేరు పుస్తకాల్లో ‘లాడా’ అని ఉంటుంది. ముద్దని దొర్లించి దొర్లించి శంకువు ఆకారానికి తెస్తారు. గొట్టం లోపల్నుంచి ఊచ పోనిచ్చి శంకువుని ఈ కొస నుంచి ఆ కొస దాకా బోలు చేస్తారు. తర్వాత దాన్ని కొలిమిలో పెడితే, అవతలి కంత దగ్గర కూర్చున్న మనిషి కొక్కెంతో మొన అందుకుని లాగడం మొదలుపెడతాడు. ఇక ఆపడు. గంటల తరబడి రెండు చేతులా లాగుతూనే ఉంటాడు. ఆ చేతుల్లోకి వచ్చేది సన్నటి గాజు గొట్టం. దాన్ని ముక్కలు చేస్తే పూసలు.

వంటింట్లో పాకం పట్టినవాళ్ళకి ఇందులో సగం తెలిసిన సంగతే. లేతపాకం వేళ్ళ మధ్య నిలవదు, జారిపోతుంది. ముదిరిపోయిన పాకం సాగదు, పుటుక్కున విరుగుతుంది. ఆ రెంటి మధ్య తీగపాకం ఉందే, అక్కడే గాజు పని కూడా. పాకంలో నీరు ఇగిరి చిక్కబడుతుంది. గాజులో ఇగిరేదేమీ లేదు, అంతా వేడి లెక్కే. మామూలు సోడా గాజు దాదాపు వెయ్యి డిగ్రీల దగ్గర నీటికి పది లక్షల రెట్లు చిక్కగా ఉంటుంది. ఏడువందల ఇరవై, ముప్ఫై డిగ్రీలకి దిగేసరికి ఆ చిక్కదనం ఇంకో కొన్ని వేల రెట్లు పెరుగుతుంది. పాకం తీగని ఇంకాస్త సాగదీస్తే ఏమవుతుంది? సన్నబడ్డచోట ముందు చల్లారి బిగుస్తుంది. తర్వాతి సాగుడు పక్కనున్న వేడి భాగం చూసుకుంటుంది. తన తెగుదలని తానే ఆపుకునే గుణం ఇది. గాజు తీగా ఇలాగే బతికి బయటపడుతుంది. అందుకే కంసాలి బంగారు తీగకి కమ్మచ్చు, అంటే వరసగా కంతలున్న ఉక్కు పలక, కావాలి గాని గాజు తీగకి అక్కర్లేదు. బంగారాన్ని ఉత్త చేతులతో లాగితే ఎక్కడో ఒకచోట నడుము సన్నబడి తెగుతుంది. కమ్మచ్చు కంతల్లోంచి వరసగా దూర్చి, మధ్యమధ్య కాల్చి మెత్తబరుస్తూ లాగితే గాని తీగ నిలవదు.

ఇక అసలు తమాషాకి వద్దాం. లాగినప్పుడు లోపలి బోలు మూసుకుపోదేం? లెక్క కోసం శంకువు వెడల్పు 10 సెంటీమీటర్లు, లోపలి బోలు 4 సెంటీమీటర్లు అనుకుందాం. దాన్ని 2 మిల్లీమీటర్ల గొట్టంగా లాగాం. వెడల్పు యాభయ్యో వంతయింది. గాజు ఎక్కడికీ పోలేదు కనక పొడవు యాభై ఇంటూ యాభై, అంటే 2,500 రెట్లు పెరిగి తీరాలి. ముద్దలోని ప్రతి నలుసూ నిలువునా 2,500 రెట్లు సాగి, అడ్డంగా అన్ని వైపులా యాభయ్యో వంతుకి కుదించుకుంటుంది. బోలు పక్కనున్న నలుసుకీ బయటి అంచునున్న నలుసుకీ ఒకటే నియమం. బోలు అంచు కూడా గాజే కదా, అదీ అదే పాళ్ళలో దగ్గరికొస్తుంది. 4 సెంటీమీటర్ల బోలు 0.8 మిల్లీమీటర్ల చిల్లవుతుంది. మొదట 10 కి 4, చివర 2 కి 0.8. నిష్పత్తి చెక్కుచెదరలేదు. ముద్దలో ఒక్క సెంటీమీటరు పొడవు నుంచి 25 మీటర్ల గొట్టం వచ్చింది. ఒకటిన్నర మిల్లీమీటర్ల ముక్కలు కోస్తే, విరిగిపోయేవాటిని లెక్కలోంచి తీసెయ్యకపోతే, పదహారు వేల పూసలు! బరమా పట్టుకుని కూర్చుంటే ఒక మనిషికి ఎన్నాళ్ళు పడుతుందో మీరే లెక్కేసుకోండి.

ఇది గుండ్రటి చిల్లుకే పరిమితం కాదు. అడ్డుకోతలో ఏ బొమ్మ ఉంటే ఆ బొమ్మే చిన్నదై వస్తుంది. చదరపు బోలు పెట్టి లాగితే చదరపు చిల్లు, కాకపోతే మూలలు కాస్త మొద్దుబారతాయి. సిల్వర్ లైన్డ్ పేరుతో అమ్మే పూసల్లో కొన్నిటిని ఫోను కెమెరా బాగా జూమ్ చేసి చూడండి, బయట గుండ్రం, లోపల చదరం. లోపలి వెండి పూత నాలుగు చదును గోడల మీద పడి నాలుగు అద్దాల్లా తళుక్కుమంటుంది. 1996లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో శాస్త్రవేత్తలు సన్నటి గాజు గొట్టాల్ని కట్టగా పేర్చి కలిపి లాగి, పొడుగునా చిల్లులే చిల్లులున్న ఆప్టికల్ ఫైబర్ తీశారు. మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతుల) వెడల్పున్న చిల్లులు! వాటిని తొలిచే బరమా లోకంలో లేదు. పెద్దవిగా పేర్చారు, లాగారు, అంతే. పాపానాయుడుపేట పనివాళ్ళకి చూపిస్తే ఇందులో వింతేముంది అనేవారేమో.

అయితే ఇంతసేపూ ఒక శత్రువుని పక్కన పెట్టి మాట్లాడాను. తలతన్యత. గాజు ఉపరితలం ఎప్పుడూ కుంచించుకోవాలనే చూస్తుంది, నీటికంటే నాలుగు రెట్ల బలంతో. చిల్లు లోపలి గోడ కూడా ఉపరితలమే. అంటే చిల్లు తనంతట తాను మూసుకుపోవాలని చూస్తుంది. ఎంత వేగంగా? మందపాటి గాజులో సన్నటి చిల్లయితే లెక్క ముచ్చటగా తేలుతుంది. అంచు లోపలికి జరిగే వేగం తలతన్యతని స్నిగ్ధతకి, అంటే చిక్కదనానికి, రెట్టింపుతో భాగిస్తే వస్తుంది. ఇందులో చిల్లు సైజు అసలు లేనే లేదు, గమనించారా? చిన్న చిల్లు గోడని గట్టిగా లాగుతుంది నిజమే, కానీ అక్కడ గాజు అంతే ఎక్కువగా నలగాలి. రెండూ సరిగ్గా కొట్టేసుకుంటాయి. గాజు తలతన్యత మీటరుకి 0.3 న్యూటన్లు, వెయ్యి డిగ్రీల దగ్గర స్నిగ్ధత 1,000 పాస్కల్-సెకన్లు అనుకుంటే, వేగం సెకనుకి 0.15 మిల్లీమీటర్లు. మన 11/0 పూస చిల్లు వ్యాసార్థం 0.4 మిల్లీమీటర్లు. మూడు సెకన్లలోపే గల్లంతు. అదే గాజు చల్లబడి వెయ్యి రెట్లు చిక్కబడితే సుమారు 2,700 సెకన్లు, అంటే ముప్పావుగంట పడుతుంది. కొలిమిలోంచి బయటికొచ్చిన గొట్టం ఒకటి రెండు క్షణాల్లో చల్లారిపోతుంది కాబట్టి తలతన్యత ఓడిపోతుంది.

మన డిగ్రీ కాలేజీల్లో కెమిస్ట్రీ ల్యాబుకి వెళ్ళిన ప్రతివాళ్ళూ ఈ రెండు పనులూ చేశారు. గాజు గొట్టాన్ని బర్నరు మీద తిప్పి చటుక్కున లాగితే కేపిలరీ. బోలు అలాగే ఉంటుంది. ద్రవీభవన స్థానం చూడడానికి దాని కొసని మంటలో ఉంచితే దానంతటదే మూసుకుపోతుంది. లాగితే నిలిచేదీ నిలిపి ఉంచితే పోయేదీ ఒకే చిల్లు. ఇంత చక్కటి పాఠం బల్ల మీద ఉండగా, తలతన్యత అనగానే నీటి మీద సూది తేల్చి చూపించి సరిపెట్టేస్తారు మాస్టార్లు.

పూసల పనివాడికి అసలు చిక్కు కోత తర్వాత వస్తుంది. కోసిన గొట్టం ముక్కల అంచులు కత్తుల్లా ఉంటాయి. వాటిని గుండ్రం చెయ్యాలంటే మళ్ళీ వేడి చెయ్యాలి. అంచుని నున్నగా చేసేదీ తలతన్యతే, చిల్లుని మూసేదీ తలతన్యతే! కొంచెం వేడి చేసి తీసేస్తే పదును పోతుంది, ఎందుకంటే అంచు మొద్దుబారడానికి గాజు జరగాల్సిన దూరం చాలా తక్కువ. కానీ పూస మొత్తం గుండ్రంగా రావాలంటే జరగాల్సిన దూరం చిల్లు వ్యాసార్థానికి సమానమో ఎక్కువో. అప్పటికి చిల్లు ఉండదు. దీనికి కనిపెట్టిన ఉపాయం బూడిద. ముక్కల్ని బూడిదలో కలిపి, చిల్లుల్లోకి బూడిద ఎక్కేలా చేసి, అప్పుడు వేడి చేస్తారు. బూడిద ఆ వేడికి కరగదు. చిల్లులో నిండి ఉంటుంది కనక గాజుకి లోపలికి జరగడానికి చోటు లేదు. బయటి అంచులు మాత్రం హాయిగా గుండ్రబడతాయి. పూసకీ పూసకీ మధ్య కూడా బూడిదే అడ్డం, అంటుకోవు. చల్లారాక జల్లిస్తే సరి.

కొలిమి దగ్గర ఈ అడుగులో కక్కుర్తి పడితే ఫలితం ఎక్కడ తేలుతుందో చెప్పనా? మెడలో. మన ఇళ్ళల్లో నల్లపూసలు తెగాయనకూడదు, ‘పెరిగాయి’ అనాలి. తెగితే అపశకునమని గుండెలు బాదుకునేవాళ్ళు నాకు తెలుసు. ముందు ఆ పూసల్ని తీసి అంచు మీద గోరు గీసి చూడండి. గరగరలాడితే శకునం అక్కడే ఉంది. నడిచిన ప్రతి అడుక్కీ ఆ అంచు దారాన్ని కోస్తూనే ఉంది. అన్నట్టు దిష్టి తగలకుండా కాపాడే ఆ నలుపు కూడా నలుపు కాదు. పగిలిన పెంకు ఒకటి ఫోను టార్చి ముందు పెడితే పల్చటి అంచులో ఊదాయో ఆకుపచ్చో గోధుమరంగో కనిపిస్తుంది చాలాసార్లు. మాంగనీసో ఇనుమో బాగా దట్టించిన గాజు అది.

పెరంబూరు ఆవిడ పైప్ పూసల జుమ్కీలు తరచూ తెగుతున్నాయని ఉత్తరం చివర వాపోయారు. కారణం ఇదే. పైప్ పూస అంటే గుండ్రం చెయ్యని గొట్టం ముక్క. ప్రతి పైపుకీ రెండు కొసల్లోనూ ఒక్కో 11/0 గుండ్రటి పూస వెయ్యండి, దారం పదునుకి తగలదు. దారం మానేసి గేర్ వైర్, అంటే ప్లాస్టిక్ పూత ఉన్న సన్నటి ఉక్కు తీగ, వాడితే ఇంకా మంచిది. జంప్ రింగుని (ముక్కల్ని కలిపే చిన్న తీగ వలయాన్ని) కూడా అటూ ఇటూ విడదీసి తెరవకండి, ఒక కొస ముందుకి, ఒకటి వెనక్కి మెలితిప్పండి. విడదీస్తే గుండ్రం పోతుంది, మళ్ళీ రాదు.

ఎగ్మూరు మ్యూజియానికి వెళ్ళేవాళ్ళకి ఒక మాట. 1944లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ అక్కడే, అరికమేడులో దొరికిన ఒక రోమన్ జాడీ పెంకు చూసి ఉలిక్కిపడ్డాడు. మరుసటి ఏడే పుదుచ్చేరి పక్కనున్న ఆ ఊళ్ళో తవ్వకం పెట్టాడు. అప్పట్నుంచీ అరికమేడు అంటే రోమ్, రోమ్ అంటే అరికమేడు. నాకది అన్యాయంగా తోస్తుంది. ఆ జాడీలు బయటినుంచి వచ్చినవి. అక్కడే తయారై బయటికి వెళ్ళినవి పూసలు. అవే లాగుడు పూసలు! ఫ్రాన్సిస్ వాటికి ఇండో-పసిఫిక్ పూసలని పేరు పెట్టాడు. ఆ రకం పూసలు తూర్పు ఆఫ్రికా నుంచి కొరియా, జపాన్ దాకా తవ్వకాల్లో దొరుకుతున్నాయి. 1917లో అమెరికాలో ఎడ్వర్డ్ డానర్ గాజు గొట్టాలు లాగే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. వాలుగా తిరిగే ఒక బోలు గొట్టం, దాని మీదికి పారి చుట్టుకునే గాజు, మధ్యలోంచి గాలి, కొసన లాగుడు. మన ఇళ్ళల్లో వెలిగిన ట్యూబులైట్ల గొట్టాలు ఆ తరహా యంత్రాలవే. లాడాకి మోటారు బిగించినట్టు లేదూ?

చేతిలో ఉన్న పూస లాగినదో కాదో తేల్చుకోవాలంటే భూతద్దం చాలు. గాజులో చిక్కుకున్న గాలి బుడగల్ని వెతకండి. లాగిన పూసలో బుడగలు కూడా సాగి, చిల్లుతోపాటు నిలువుగా సన్నటి గీతల్లా ఉంటాయి. కరిగిన గాజుని ఊచకి చుట్టి చేసిన పూసలో, ఉత్తరప్రదేశ్‌లోని పుర్దిల్‌నగర్‌లో చేసే రకంలో, అవి చిల్లు చుట్టూ తిరిగి ఉంటాయి. అచ్చులో నొక్కిన పూసకి సన్నటి అతుకు గీత కనిపిస్తుంది. అసలది గాజేనా అని అనుమానం వస్తే, గ్లాసు నీళ్ళలో ఇక కరగదన్నంత వరకు ఉప్పు కలిపి, పూసని అందులో వేసి, చిల్లులో గాలి పోయేలా తట్టండి. గాజు సాంద్రత ఉప్పునీటికి రెట్టింపు, అడుక్కి పోతుంది. మామూలు ప్లాస్టిక్ పూసలు చాలావరకు తేలతాయి. తేలితే ఆ పొట్లం పట్టుకెళ్ళి డబ్బు వెనక్కి అడగండి.