దారిలోనే ఆగిపోయే ఎలక్ట్రాన్లు: స్పేస్ టెలిస్కోప్ కెమెరాల తంటా

స్పేస్ టెలిస్కోప్‌తో ఫొటో తీయడం ఒక ఎత్తయితే, తీసిన ఫొటోని చిప్‌లోంచి బయటికి తేవడం ఇంకో ఎత్తు. ఈ కెమెరాల్లో వెలుగుని పట్టే సీసీడీ చిప్‌లో (1969లో బెల్ ల్యాబ్స్‌లో విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ కనిపెట్టారు, 2009లో నోబెల్ కూడా వచ్చింది) వెలుగు పడ్డ చోటల్లా ఎలక్ట్రాన్లు పోగవుతాయి. కానీ వాటిని కొలిచే యాంప్లిఫయర్ ప్రతి పిక్సెల్‌కీ ఉండదు, చిప్ మూలల్లో మాత్రమే ఉంటుంది, అందుకని ఒక్కో వరసలోని ఛార్జ్‌ని పక్క వరసలోకి, అక్కణ్నుంచి ఆ పక్క వరసలోకి జరుపుకుంటూ అంచుదాకా తేవాలి. హబుల్‌లో 2002లో పెట్టిన ఏసీఎస్ కెమెరాలో అన్నిటికంటే దూరపు వరస అయితే దాదాపు 2048 సార్లు జరగాలి.

ఒక్కోసారి జరిపినప్పుడు 99.999 శాతం ఛార్జ్ ముందుకెళ్తుందనుకోండి, బాగానే ఉందనిపిస్తుంది కదా, కానీ 2000 సార్లు అయ్యేసరికి మిగిలేది 98 శాతమే. అదే 99.99 అయితే 82కి పడిపోతుంది!

కొత్త చిప్‌లో ఈ గొడవ పెద్దగా ఉండదు. పైకి వెళ్లాకే మొదలవుతుంది. స్పేస్‌లో తిరిగే ప్రోటాన్లు వచ్చి గుద్దితే సిలికాన్ పరమాణువులు చోటు తప్పుతాయి, ఆ ఖాళీ వెళ్లి చిప్‌లో కావాలని కలిపిన ఫాస్ఫరస్ పరమాణువు పక్కన చేరితే అదొక ట్రాప్ అవుతుంది. దాని మీదుగా ఛార్జ్ వెళ్తుంటే ఒక ఎలక్ట్రాన్‌ని పట్టుకుని, మిగతావి ముందుకెళ్లిపోయాక తీరిగ్గా వదుల్తుంది. అందుకే పాతబడ్డ చిప్‌తో తీసిన ఫొటోల్లో నక్షత్రాల వెనక సన్నగా తోకలు కనిపిస్తాయి.

ఇందులో అన్యాయం ఏంటంటే దెబ్బ ఎక్కువగా తగిలేది మసక వస్తువులకే. 10,000 ఎలక్ట్రాన్లున్న నక్షత్రం నుంచి 20 పోతే ఎవరికీ తెలీదు, 50 ఉన్నదాని నుంచి 20 పోతే ఇంకేం మిగిలింది. హబుల్‌ని పైకి పంపింది ఆ మసకవాటి కోసమే కదా.

మరి రిపేర్ చేయొచ్చా అంటే, చేయలేరు. హబుల్ చిప్స్‌ని అప్పుడప్పుడు కాస్త వేడెక్కనిస్తారు, దాంతో హాట్ పిక్సెల్స్ (వెలుగు పడకపోయినా వెలిగినట్టు కనిపించేవి) చాలావరకు తగ్గుతాయి కానీ ఈ ట్రాప్స్ పోవు. చంద్రా ఎక్స్‌రే టెలిస్కోప్‌కైతే 1999లో పైకెళ్లిన కొద్ది వారాలకే దెబ్బ తగిలింది, దాని అద్దాలు ఎక్స్‌రేలతో పాటు తక్కువ శక్తి ప్రోటాన్లని కూడా తిన్నగా డిటెక్టర్ మీదికి పంపేశాయి. అప్పట్నుంచి భూమి చుట్టూ ప్రోటాన్లు గుమిగూడి ఉండే రేడియేషన్ బెల్టులు దాటేటప్పుడు ఆ కెమెరాని ఫోకస్ నుంచి పక్కకి జరిపేస్తున్నారు.

నాకు బాగా నచ్చిన ఉపాయం పోస్ట్ ఫ్లాష్. ఎండిన కాలవలోకి కాసిని నీళ్లు వదిలితే దారిలో నేలే తాగేస్తుంది, ముందే తడిపి ఉంచితే చివరిదాకా పారతాయి. హబుల్‌లోని ఇంకో కెమెరా డబ్ల్యూఎఫ్‌సీ3లో చేసేది అదే, ఫొటో తీశాక బయటికి తెచ్చేముందు చిన్న ఎల్ఈడీతో చిప్ మొత్తానికి కొంచెం వెలుగు కొడతారు, ట్రాప్స్ ఆ ఎలక్ట్రాన్లతో నిండిపోతే అసలు సిగ్నల్ జోలికి పెద్దగా రావు. మొదట్లో పిక్సెల్‌కి కనీసం 12 ఎలక్ట్రాన్ల బ్యాక్‌గ్రౌండ్ ఉండాలన్నారు, తర్వాత దాన్ని 20 చేశారు. చీకటి ఫొటో కోసం ఇంత కష్టపడి చివర్లో లైటు వేయడమేంటని అనిపిస్తుంది, పైగా దానికి ఖర్చు కూడా ఉంది: ఆ 20ని తర్వాత తీసేయొచ్చు గానీ దాంతో వచ్చిన నాలుగున్నర ఎలక్ట్రాన్ల నాయిస్‌ని (లెక్కలో అటూ ఇటూ వచ్చే తేడాని) తీయలేం. అయినా సిగ్నల్ మొత్తం పోగొట్టుకోవడం కంటే అదే నయం.

నక్షత్రాల స్థానాలు కొలిచిన గయా టెలిస్కోప్ దారి వేరు, అందులో ఛార్జ్‌ని నేరుగా ఎలక్ట్రానిక్స్‌తోనే కొన్ని వరసల్లోకి ఎక్కించి ట్రాప్స్ నింపేవాళ్లు.

ఇక మిగిలింది సాఫ్ట్‌వేర్. ఇక్కడో తమాషా ఉంది, చిప్‌ని పాడుచేసిన ప్రోటాన్లే వార్మ్ పిక్సెల్స్‌ని (హాట్ పిక్సెల్స్‌లాంటివే, కాస్త తక్కువ రకం) కూడా తయారుచేస్తాయి, వాటి ఛార్జ్ అంతా ఒక్క పిక్సెల్‌లోనే పుడుతుంది కాబట్టి వెనక కనిపించే తోక అచ్చంగా ట్రాప్స్ పనే, దాన్ని కొలిస్తే ఏ రకం ట్రాప్స్ ఎన్ని ఉన్నాయో తెలిసిపోతుంది. తర్వాత అసలు ఫొటో ఇలా ఉండొచ్చని ఊహించి, దాన్ని కంప్యూటర్లో అదే పద్ధతిలో పాడుచేసి, వచ్చినదాన్ని నిజం ఫొటోతో పోల్చి, తేడాని సరిదిద్దుకుంటూ పోతారు. ఒక్క ఇబ్బంది, యాంప్లిఫయర్ నాయిస్‌ని కూడా సిగ్నల్ అనుకుని పెంచేసే ప్రమాదం ఉంది.

2023లో వెళ్లిన యూక్లిడ్ టెలిస్కోప్‌కి ఇది ఇంకా పెద్ద తలనొప్పి, ఎందుకంటే కంటికి కనిపించని డార్క్ మ్యాటర్ గ్రావిటీ వల్ల గెలాక్సీల ఆకారంలో వచ్చే ఒక శాతం స్థాయి సాగుదలని అది కొలుస్తుంది, ట్రాప్స్ కూడా గెలాక్సీలని ఒకే దిక్కుకి సాగదీస్తాయి మరి. అదే ఒకే ఒక్క చిన్న నక్షత్రం చూడాలనుకునే హబుల్ ఖగోళవేత్తకి ఇవన్నీ అక్కర్లేదు, టెలిస్కోప్‌ని కాస్త జరిపి ఆ నక్షత్రం యాంప్లిఫయర్ మూల దగ్గర పడేలా చూసుకుంటే చాలు, 2000 సార్లు జరగాల్సిన ఛార్జ్ ఏ కొద్దిసార్లో జరిగి బయటికొచ్చేస్తుంది.