గ్రాంటు ఆగిన పర్యావరణ సంఘాన్ని మూసేటప్పుడు: అపోహలు - వాస్తవాలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ప్రభుత్వ సొమ్ముతో పుట్టిన పర్యావరణ సంఘాలు చాలా రకాలు. వాన నీటిని, నేలను కాపాడే పనులు చూసే వాటర్‌షెడ్ కమిటీలు, వన సంరక్షణ సమితులు, నర్సరీలు నడిపే సొసైటీలు, రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబులు, ఫ్లోరైడ్ ఉన్న కనిగిరి వైపు ఊళ్లలో భూగర్భజలాలు కొలిచే బృందాలు. ప్రాజెక్టు గడువు తీరి, జీతాలకు కూడా వెతుక్కోవలసి వచ్చినప్పుడు ‘ఇక మూసేద్దాం’ అంటారు. ఆ నిర్ణయం చాలాసార్లు సరైనదే. మూసే పద్ధతి తెలియకే నష్టమంతా జరుగుతుంది.

అపోహ: నిధులు ఆగిపోతే సంఘం దానంతటదే రద్దయిపోతుంది.

వాస్తవం: బోర్డు పీకేసినా, గదికి తాళం వేసినా రిజిస్ట్రేషన్ అలాగే ఉంటుంది. బాకీలూ అలాగే ఉంటాయి. ఎవరికైనా టీడీఎస్, అంటే చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను, కోసి రిటర్ను వేయకపోతే, కోసిన పన్ను మొత్తానికి మించకుండా, రోజుకు 200 రూపాయల రుసుము పడుతుంది. రెండేళ్లు లావాదేవీ లేని బ్యాంకు ఖాతా ఇన్‌ఆపరేటివ్, అంటే వాడుకలో లేనిది, అవుతుంది. పదేళ్లు అలాగే వదిలేస్తే సొమ్ము రిజర్వు బ్యాంకు నిర్వహించే డిపాజిటర్ల నిధికి వెళ్తుంది. అప్పుడు వెనక్కి తెచ్చుకోవాలంటే సంతకాల అధికారం ఉన్నవాళ్లు బతికి ఉండాలి, మినిట్స్ పుస్తకం దొరకాలి.

అపోహ: సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేస్తే పని అయిపోయినట్టే.

వాస్తవం: ముందు ఆ సంస్థ ఏ చట్టం కింద పుట్టిందో చూడాలి. జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు 2002 జీవవైవిధ్య చట్టం కింద స్థానిక సంస్థలు ఏర్పాటు చేసినవి. సాగునీటి వినియోగదారుల సంఘాలకు 1997 నాటి రాష్ట్ర చట్టం ఉంది. వీటిని సభ్యులు తీర్మానం చేసి ఎత్తేయలేరు. పనిచేయకపోతే మళ్లీ నిలబెట్టుకోవాలి, అంతే.

సొసైటీగా రిజిస్టరైనవాటికే రద్దు దారి ఉంది. 1860 కేంద్ర చట్టం ప్రకారం సభ్యుల్లో అయిదింట మూడు వంతుల మంది ఒప్పుకోవాలి. ప్రభుత్వం ఆ సంఘంలో సభ్యురాలైనా, దానికి సొమ్ము ఇచ్చినా రద్దుకు ప్రభుత్వ సమ్మతి కూడా కావాలి. మన రాష్ట్రంలో ఆ చట్టం స్థానంలో 2001 సొసైటీల చట్టం వచ్చింది కాబట్టి, అందులోని రద్దు నిబంధన కూడా చూసుకోవాలి. బైలాల్లో అంతకంటే గట్టి నిబంధన ఉంటే దాన్నే పాటించాలి. కాబట్టి గ్రాంటు ఇచ్చిన శాఖకు ముందే ఉత్తరం రాయాలి. జవాబు చేతికొచ్చేదాకా ఏదీ అమ్మకూడదు.

ఇంకో చిక్కు రిజిస్ట్రేషన్ ఫైలు ఎక్కడుందన్నది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు కందుకూరు నెల్లూరు జిల్లాలో కలిసింది. గూడూరు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకు వెళ్లాయి. అంతకుముందు రిజిస్టరైన సంఘం పాత కాగితాలు ఒంగోలు, నెల్లూరు కార్యాలయాల్లోనే ఉండొచ్చు. రిజిస్ట్రేషన్ నంబరు, సంవత్సరం పట్టుకుని ధ్రువీకరించిన నకలు తెచ్చుకోవడమే మొదటి పని.

అపోహ: మిగిలింది సభ్యులు పంచుకోవచ్చు, లేదా ఊళ్లో వేలం వేసేయొచ్చు.

వాస్తవం: సొసైటీ ఆస్తిలో సభ్యుడికి వాటా ఉండదు. బాకీలు తీరాక మిగిలినది అలాంటి పనే చేసే మరో సంస్థకు గానీ ప్రభుత్వానికి గానీ పోవాలి. కేంద్ర గ్రాంటు అయితే 2017 సాధారణ ఆర్థిక నియమాల ప్రకారం, ప్రధానంగా ఆ గ్రాంటుతో కొన్న ఆస్తిని ముందస్తు అనుమతి లేకుండా అమ్మకూడదు. గ్రాంటు మీద వచ్చిన వడ్డీ కూడా తిరిగి కట్టాల్సిందే. చాలామంది అసలు లెక్క చెప్పి వడ్డీని మరిచిపోతారు. యూసీ, అంటే వినియోగ ధ్రువపత్రం, అక్కడే వెనక్కి వస్తుంది. ఆడిట్ రిపోర్టు ఉంది కదా అంటే కుదరదు. అది వేరు, 12-ఎ ఫారంలో ఇచ్చే యూసీ వేరు.

ఆదాయపు పన్నులో ధార్మిక సంస్థగా నమోదైన సంఘం, రద్దయిన నెలాఖరు నుంచి 12 నెలల్లోపు ఆస్తులను అలాంటి మరో నమోదిత సంస్థకు బదలాయించకపోతే నికర ఆస్తి విలువ మీద అత్యధిక రేటున పన్ను పడే ప్రమాదం ఉంది.

వాటర్‌షెడ్ కమిటీల అభివృద్ధి నిధి సంగతి వేరు. రైతుల వాటాలతో పోగైన ఆ డబ్బు, 2008 ఉమ్మడి మార్గదర్శకాల ప్రకారం, ప్రాజెక్టు అయ్యాక ఉమ్మడి భూముల్లోని చెక్‌డ్యాములు, కుంటల మరమ్మతులకే. సొంత పొలంలో గట్టు తెగితే ఇందులోంచి తీయకూడదు. ఈ నిధి ఉన్నచోట కమిటీని మూయడం కంటే ఏడాదికి రెండుసార్లయినా కూర్చునే చిన్న కమిటీగా ఉంచడమే మంచిదని మా అభిప్రాయం.

అపోహ: ఖాతా ఖాళీ అయ్యాక మూసే పని మొదలుపెట్టొచ్చు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. మూయడానికీ డబ్బు కావాలి. చివరి ఆడిట్ రుసుము, సంఘం నుంచి డబ్బు రావాల్సినవాళ్లను పిలిచే పత్రికా ప్రకటన, కరెంటు బిల్లు, రసాయనాల తరలింపు, అన్నిటికంటే ముందు సిబ్బందికి ఇవ్వాల్సింది. పదిమంది, అంతకుమించి పనిచేసిన సంస్థకు గ్రాట్యుటీ వర్తిస్తుంది. చివరి మూల వేతనం, కరువు భత్యం కలిపి 18,000 ఉన్న ఫీల్డు అసిస్టెంటు తొమ్మిదేళ్లు చేస్తే, నెలకు 26 పనిరోజుల లెక్కన ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున: 18,000 × 15 ÷ 26 × 9, అంటే సుమారు 93,462 రూపాయలు. ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి ఏడాదిగా లెక్కేయాలి. ఇలాంటివాళ్లు నలుగురుంటే ఎంతో ముందే తేల్చుకోవాలి. ఆరు నెలల ఖర్చుకు సరిపడా నిల్వ ఉండగానే నిర్ణయం తీసుకోవాలని మేం చెప్పేది అందుకే. పీఎఫ్ ఉంటే ప్రతి ఒక్కరి పేరు మీదా ఉద్యోగం వదిలిన తేదీ నమోదు చేయాలి. అది చేయకపోతే వాళ్ల డబ్బు వాళ్లకు అందడానికి ఇబ్బంది.

డబ్బు ఉన్నా కాలం కుదరాలి. నెల్లూరుకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. నర్సరీ ఉన్న సంఘాన్ని మార్చి 31తో లెక్కలు సరిపోతాయని మూసేస్తే, రోహిణి కార్తె ఎండకు సంచుల్లోని వేప, కానుగ మొక్కలు నిలువునా మాడిపోతాయి. నీళ్లు పోసే ఇద్దరిని స్వాతి కార్తె దాకా ఉంచి, మొక్కలు అప్పగించాకే మూయాలి. అప్పగించే ముందు రెండు మూడు వారాలు సంచులను కదిపి, అడుగు నుంచి నేలలోకి దిగిన వేళ్లను కత్తిరించి, తడి కొద్దికొద్దిగా తగ్గించాలి. నాటే రోజునే పెరికితే వేళ్లు తెగి మొక్క తేరుకోదు. తీసుకునే పంచాయతీ గానీ బడి గానీ 45 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతుతో గుంతలు ముందే తవ్వించుకోవాలి.

అపోహ: ల్యాబులో మిగిలిన రసాయనాలు నీళ్లు కలిపి సింకులో పోసేయొచ్చు.

వాస్తవం: అమ్మోనియా చూసే నెస్లర్ ద్రావణంలో పాదరసం ఉంటుంది. నీటిలోని కాలుష్యాన్ని కొలిచే సీఓడీ పరీక్ష వ్యర్థంలో పాదరసంతో పాటు వెండి, క్రోమియం, గాఢ గంధకామ్లం ఉంటాయి. కరిగిన ఆక్సిజన్ పరీక్షకు వాడే అజైడ్ ద్రావణాన్ని ఆమ్లంతో కలిపితే విషవాయువు పుడుతుంది. రాగి, సీసపు గొట్టాల్లో పోతూ ఉంటే పేలే లవణాలు తయారవుతాయి. అందుకే సీసాలను విడివిడిగా, లేబుళ్లతో, మూతలు బిగించి ఉంచాలి. అనుమతి ఉన్న ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి ఫారం 10 మ్యానిఫెస్టుతో, అంటే సరుకు వెంట వెళ్లే రవాణా పత్రంతో, పంపాలి. దానికి ఏడు ప్రతులు. నిల్వ పరిమితి 90 రోజులు. పాత యూపీఎస్ బ్యాటరీలు, కంప్యూటర్లు పాత ఇనుము బండికి వేయకూడదు, వాటికి 2022లో వచ్చిన నిబంధనలు వేరేగా ఉన్నాయి.

అపోహ: వాడని బోరు మీద రాయి పెడితే చాలు.

వాస్తవం: పిల్లలు పడి చనిపోతున్నందునే 2010లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. వదిలేసిన బోరును అడుగు నుంచి నేల మట్టం దాకా బంకమట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చాలి. ఫొటో తీసి, సర్వే నంబరు రాసి పంచాయతీకి ఇవ్వాలి. ఈ ఒక్క పని మాత్రం మిగతా కాగితాల కోసం ఆపొద్దు.

అపోహ: ఆదాయం రాని సంస్థకు మూత తప్ప దారి లేదు.

వాస్తవం: విలీనం ఉంది. కోయంబత్తూరులోని సలీం అలీ పక్షిశాస్త్ర కేంద్రాన్ని 2023లో డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థలో కలిపారు. చిన్న సొసైటీకైనా ఆ మార్గం పనికొస్తుంది, కాకపోతే చేర్చుకునే సంస్థ బాకీలతో సహా ఒప్పుకోవాలి.

అపోహ: రిజిస్టర్లు పెట్టెలో సర్ది ఇస్తే డేటా అప్పగించినట్టే.

వాస్తవం: అంకెలు ఒక్కటే ఇస్తే ఎవరికీ ఉపయోగపడవు. బోరులో నీటిమట్టం 8.40 మీటర్లు అని రాసి ఉంటుంది. కేసింగ్ (బోరుకు దింపిన గొట్టం) పైఅంచు నుంచి కొలిచారా, నేల నుంచి కొలిచారా? కేసింగ్ నేలకు 60 సెంటీమీటర్లు ఎత్తుంటే అంత తేడా వస్తుంది. ప్రతి బావికీ కొలత మొదలుపెట్టిన చోటు, దాని ఎత్తు, జీపీఎస్ అంకెలు, కొలిచిన పరికరం, వరుస మధ్యలో టేపు మార్చి ఉంటే ఆ తేదీ ఒక పేజీలో రాయాలి. కొలిచిన మనిషి ఉద్యోగం వదిలే లోపు, అతన్ని వెంటబెట్టుకుని బావి బావికీ తిరిగి రాయించాలి. ఆ పేజీ కింద అతని సంతకం, తీసుకునే శాఖవారి సంతకం ఉండాలి.