సైలెన్సర్ బోల్టు హెడ్డులో విరిగితే: అపోహలు - వాస్తవాలు

విశాఖలో సముద్రానికి దగ్గరగా తిరిగే బండ్లకు సైలెన్సర్ బోల్టులు తొందరగా తుప్పు పడతాయి. ఉప్పుగాలికి ఇంజన్ వేడి తోడవుతుంది. ఇంట్లో విప్పబోతే బోల్టు తల తెగి చేతికి వస్తుంది, మిగతా ముక్క హెడ్డులో (సైలెన్సర్ బిగించే ఇంజన్ పైభాగపు అల్యూమినియం దిమ్మలో) ఉండిపోతుంది. ఆ తర్వాత మా షెడ్డుకు ఫోన్ చేసేవాళ్లలో చాలామంది అడిగేది ఒకటే: "ఈజీ అవుట్ కొన్నానండి, దాంతో వచ్చేస్తుంది కదా?" ఈజీ అవుట్ అంటే విరిగిన బోల్టు నడుమ రంధ్రం చేసి, అందులో దింపి ఎదురు తిప్పి బయటికి తీసే పనిముట్టు.

అపోహ: ఈజీ అవుట్ ఉంటే విరిగిన బోల్టు ఇట్టే వచ్చేస్తుంది.

వాస్తవం: బోల్టు విరిగినందుకు కాదు, ఈజీ అవుట్ లోపల విరిగినందుకే హెడ్లు పాడవుతున్నాయి. మరల్లో తుప్పు బిగుసుకుపోయి నిండు మందం ఉన్న బోల్టే తెగిపోయింది. దాని నడుమ రంధ్రంలో దూరే సన్నని పనిముట్టు అంతకన్నా ఎక్కువ బలానికి ఎలా నిలుస్తుంది? అది గట్టి ఉక్కు. వంగదు, పుటుక్కున విరుగుతుంది. ఆ ముక్క మీద మామూలు డ్రిల్ బిట్ గీత కూడా పెట్టలేదు. పక్కకు జారి మెత్తని అల్యూమినియంలోకి దిగుతుంది.

పెదగంట్యాడ నుంచి ఒక అబ్బాయి హెడ్డును గుడ్డసంచిలో పెట్టుకుని వచ్చాడు. వాళ్ల నాన్న బండి, ఇంట్లో ఇంకా చెప్పలేదు. బోల్టు నడుమ ఈజీ అవుట్ ముక్క మెరుస్తోంది, పక్కన అల్యూమినియంలో నెలవంకలా గుంట. కార్బైడ్ బిట్‌తో తొలిచి, హెలికాయిల్ (పాడైన మరల చోట దింపే ఉక్కు తీగ చుట్ట) వేసేసరికి సాయంత్రమైంది. ఆ పిల్లవాడి తప్పేమీ లేదు. వీడియోలో అంత తేలిగ్గా చూపిస్తే ఎవరైనా నమ్ముతారు.

మరేం చేయాలి? బోల్టు మొండెం కాస్త బయటికి ఉంటే తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు నూనె శుభ్రంగా తుడిచి, పెట్రోలు ట్యాంకు దూరంగా పెట్టి, బోల్టును కాకుండా దాని చుట్టూ హెడ్డును వేడి చేయండి. ఉక్కుతో పోలిస్తే అల్యూమినియం దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది కాబట్టి పట్టు సడలుతుంది. లాకింగ్ ప్లయర్‌తో పట్టి కొంచెం బిగిస్తూ, కొంచెం వదులుతూ తిప్పండి. హెడ్డుకు సమంగా తెగిపోతే డ్రిల్ జోలికి పోకుండా, బ్యాటరీ తీగ విప్పి వెల్డింగ్ షాపుకు తీసుకెళ్లండి. మొండెం మీద నట్టు పెట్టి వెల్డ్ చేస్తే ఆ వేడికే తుప్పు పట్టు వదులుతుంది.

అపోహ: బోల్టు విరిగితే హెడ్డు మార్చాల్సిందే.

వాస్తవం: భయపడకండి. మరలు పోయినా, చుట్టూ లోహం మిగిలి ఉంటే హెలికాయిల్ వేయొచ్చు. సరిగ్గా వేస్తే అల్యూమినియం మరకన్నా గట్టిగా ఉంటుంది.

అపోహ: ఒక బోల్టు లేకపోయినా ఫరవాలేదు.

వాస్తవం: ఫరవా ఉంది. గ్యాస్కెట్ దగ్గర పొగ కారుతుంది, అదురుకు రెండో బోల్టూ తెగుతుంది. కొత్తది వేసేటప్పుడు మరలకు రాగి గ్రీజు పూసి, మొదట రెండింటినీ చేత్తో ఎక్కించి, తర్వాతే మార్చి మార్చి స్పానర్‌తో బిగించండి.