మజిల్ కార్ల విలువ: అపోహలు, వాస్తవాలు, కాస్త లప్పం

ఆగస్టు మూడో శనివారం దాటగానే డెట్రాయిట్ శివార్లలోని మన తెలుగువాళ్ల నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. ఆ రోజు వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్లు బారులు తీరతాయి. వాటిలో అందరి కళ్లూ మజిల్ కార్ల మీదే, అంటే అరవైలలో, డెబ్బైల మొదట్లో పెద్ద ఇంజిన్ పెట్టి అమ్మిన అమెరికన్ బళ్ల మీదే. 1995లో మొదలైన వేడుక అది. పిల్లలకు చూపిద్దామని వెళ్లినవాళ్లు కొనాలన్న కోరికతో ఇంటికి వస్తారు. "అన్నా, ఒకాయన దగ్గర 1970 షెవ్రొలే షెవెల్ ఉంది. చాలా అరుదైనది, నంబర్లన్నీ కలిశాయి, బంగారం లాంటి పెట్టుబడి అంటున్నాడు. తీసుకోమంటారా?"

కొనేవారి తరఫున పాత అమెరికన్ కార్లను పరీక్షించి నివేదిక ఇవ్వడం నా వృత్తి. అందుకే ఆ ఒక్క వాక్యంలో మూడు అపోహలు వినిపిస్తాయి నాకు. వాటికీ, తరచూ వినిపించే మరో మూడింటికీ ఇన్నాళ్లూ ఫోనులో విడివిడిగా చెప్పిన జవాబులే ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

అపోహ: అరుదైనదైతే చాలు, ధర దానంతట అదే వస్తుంది

రాదు. 1970లో అమెరికన్ మోటార్స్ సంస్థ 'రెబెల్ మెషీన్' అనే కారును 2,326 మాత్రమే తయారు చేసింది. అదే ఏడాది షెవ్రొలే ఎల్ఎస్6 అనే ఇంజిన్‌తో 4,475 బళ్లు తయారు చేసింది. లెక్క ప్రకారం మెషీన్ దాదాపు రెట్టింపు అరుదు. అయినా ఎల్ఎస్6 షెవెల్ పలికే ధరకు అది చాలా దూరంలో ఆగిపోతుంది. ఆ షెవెల్‌ది 454 ఘనపు అంగుళాల ఇంజిన్, కాగితం మీదే 450 హార్స్‌పవర్. అప్పుడు పదహారేళ్ల వయసున్న ప్రతి కుర్రాడూ కలలుగన్న బండి అది. ఆ కుర్రాళ్లు పెద్దవాళ్లై, సంపాదించుకుని, కొనడం మొదలుపెట్టాక ధర పెరిగింది. తయారైన సంఖ్య తక్కువగా ఉండాలి, కోరుకునేవాళ్లు ఎక్కువగా ఉండాలి. రెండోది లేకుండా మొదటిది ఉంటే అది అమ్ముడుపోని సరుకు.

రెండూ కలిసినప్పుడు ఏమవుతుందో చూడాలంటే 1971 ప్లిమత్ హెమీ కుడా కన్వర్టిబుల్‌ను (హెమీ అనే ఇంజిన్, మడిచే పైకప్పు ఉన్న కుడా కారును) చూడాలి. తయారైనవి 11. వాటిలో ఒకటి 2014లో సియాటిల్ వేలంలో 35 లక్షల డాలర్లు పలికింది.

అమ్మకందారులు ప్రయోగించే ఇంకో అస్త్రం "ప్రపంచంలో ఇలాంటిది ఇదొక్కటే" అనడం. ఆకుపచ్చ రంగు, తెల్ల సీట్లు, ఫలానా రేడియో, ఫలానా అద్దం... ఇలా పేర్చుకుంటూ పోతే నా పాత మినీవ్యాను కూడా ప్రపంచంలో ఒక్కటే.

అపోహ: నంబర్లు కలిశాయంటే బండి అసలైనదే

ఇక్కడ కాసేపు ఆగాలి. డబ్బు పోయేది ఎక్కువగా ఇక్కడే.

నంబర్లు కలవడం అంటే, కర్మాగారం నుంచి వచ్చేటప్పుడు ఆ ఛాసిస్‌లో ఉన్న ఇంజిన్, గేర్‌బాక్స్ ఇప్పటికీ అందులోనే ఉన్నాయని. షెవ్రొలే వి8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ ముందు భాగంలో, డ్రైవరు పక్క సీటు వైపున్న సిలిండర్ హెడ్ ముందు చిన్న చదునైన జాగా ఉంటుంది. ఆ కాలపు బళ్లలో ఛాసిస్ నంబరు చివరి భాగం, ఇంజిన్ బిగించిన తేదీ, ఇంజిన్ రకం తెలిపే అక్షరాలు అక్కడే గుద్ది ఉంటాయి. 1970లో మాన్యువల్ గేర్లున్న ఎల్ఎస్6 షెవెల్‌కు ఆ అక్షరాలు సీఆర్‌వీ. ముందు 'టీ' ఉంటే న్యూయార్క్ రాష్ట్రంలోని టోనవాండా కర్మాగారమని అర్థం.

ఇవన్నీ తెలిసినవాడికి అచ్చులు కొని, సుత్తి పట్టుకుని, ఏ ఇంజిన్ మీదైనా అవే అక్షరాలు గుద్దడం ఎంతసేపు? గంట పని. అందుకే నేను అక్షరాలకంటే ముందు వాటి కింది ఇనుమును చూస్తాను. కర్మాగారంలో బ్లాక్ (ఇంజిన్ ఇనుప దిమ్మ) పైభాగాన్ని చెక్కినప్పుడు ముందు నుంచి వెనక్కి సన్నని సమాంతర గీతలు పడతాయి. ఆ గీతలు లేకుండా జాగా నున్నగా ఉంటే ఎవరో చెక్కేశారన్నమాట. నిజాయితీగా ఇంజిన్ విప్పి బాగుచేసినప్పుడు కూడా అవి చెరిగిపోవచ్చు. కాబట్టి గీతలు లేకపోవడం నేర నిరూపణ కాదు. గీతలు పోయి, అక్షరాలు మాత్రం కొత్తగా కత్తిరించినట్టు పదునుగా ఉంటే అనుమానించాల్సిందే.

తరువాత తేదీలు. బ్లాక్ పోతపోసిన తేదీ ఇనుములోనే పోతగా ఉంటుంది. ఏ అంటే జనవరి, బి అంటే ఫిబ్రవరి, అలా. ముందు పోత, తరువాత ఇంజిన్ బిగింపు, ఆ తరువాత కారు తయారీ. ఈ వరుస తప్పకూడదు. ఒకసారి ఒక అమ్మకందారు గర్వంగా చూపించిన షెవెల్‌లో, కారు తయారైన నెల తరువాతి నెలలో పోతపోసిన బ్లాక్ కనిపించింది. మనవడి బారసాల అయ్యాక తాత పుట్టాడన్నమాట. చెబితే ఆయన మొహం చిన్నబోయింది. ఆయననూ ఎవరో అలాగే మోసం చేశారు.

ఇంజిన్ సంగతి అలా ఉంచితే, 1970 షెవెల్ ఛాసిస్ నంబరు ఆ బండి వి8 అని చెబుతుంది కానీ ఎస్ఎస్ (సూపర్ స్పోర్ట్ రకం) అని చెప్పదు, ఎల్ఎస్6 అని అసలే చెప్పదు. దీంతో షెవెల్‌లోనే మామూలు రకమైన మాలిబూకు రంగు పట్టీలు వేసి, బ్యాడ్జీలు అంటించి, 454 ఇంజిన్ ఎక్కించిన నకళ్లు కోకొల్లలు. నకలును నకలని చెప్పి అమ్మితే తప్పు లేదు. నడుపుకోవడానికి అది హాయైన బండి. ధరలో మాత్రం అసలుకూ దానికీ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా.

క్రైస్లర్ బళ్లు (ప్లిమత్ వాళ్లదే) ఈ విషయంలో నయం. ఛాసిస్ నంబరు బీఎస్27ఆర్1బీ అని మొదలైతే: బి బారకూడా, ఎస్ కుడా రకం, 27 కన్వర్టిబుల్, ఆర్ 426 హెమీ, 1 అంటే 1971, చివరి బి హామ్‌ట్రామిక్ కర్మాగారం. ఇంజిన్ ఏమిటో నంబరులోనే ఉంది. అందుకని ఇక్కడ దొంగలు ఇంజిన్‌ను వదిలి ఛాసిస్ నంబరు పలకల మీదే పడతారు. తుక్కుగా మిగిలిన హెమీ బండి పలకను మామూలు బండికి తగిలిస్తారు. అది నేరం. ఆ పలకను బిగించిన రివెట్ల ఆకారం చూడడానికి నేను టార్చి, చిన్న అద్దం పట్టుకుని డాష్‌బోర్డు మీద బోర్లా పడుకున్న రోజులు చాలా ఉన్నాయి.

మరి దేన్ని నమ్మాలి? కాగితాన్ని. పొలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు, ఈసీ చూడనిదే అడ్వాన్సు ఇవ్వని మనవాళ్లు, అంతకంటే ఎక్కువ డబ్బు పోసి కారు కొనేటప్పుడు మెరుపు చూసి సంతకం చేస్తారు. ఫోర్డ్ అయితే 1967 నుంచి తయారీ వివరాలు మార్టీ నివేదికగా దొరుకుతాయి. పోంటియాక్‌కు పీహెచ్ఎస్ అనే సంస్థ దగ్గర పాత బిల్లుల నకళ్లున్నాయి. అమెరికాలో అమ్మిన షెవ్రొలేలకు మాత్రం అలాంటి భాండాగారం లేదు, కెనడాలో అమ్మినవాటికి ఉంది. అందుకే షెవెల్‌కు కర్మాగారం కాగితం (ఆ బండికి ఏమేం బిగించాలో రాసినది) దొరికితే పండగే. ఆ కాగితం ఒక్కోసారి పెట్రోలు ట్యాంకు పైన, ఒక్కోసారి వెనక సీటు స్ప్రింగుల మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఎలుకలు మిగిల్చినంత. ఆ చిరిగిన ముక్క వల్ల బండి ధర ఎంత మారుతుందో చెబితే మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు.

అపోహ: కొత్తదానిలా మెరిసే బండికే ఎక్కువ విలువ

హాలీవుడ్ నటుడు స్టీవ్ మెక్వీన్ 1968 సినిమా 'బులిట్'లో నడిపిన ఫోర్డ్ మస్టాంగ్ 2020 జనవరిలో ఫ్లోరిడాలోని కిస్సిమీ వేలానికి వచ్చింది. రంగు వెలిసి, తుప్పు పట్టి, సీట్లు చిరిగి ఉంది. రుసుములతో కలిపి 37.4 లక్షల డాలర్లు పలికింది. 1974లో ఒక కుటుంబం దాన్ని కొన్న ధర 6,000 డాలర్లు. ఎవరైనా దాన్ని మెరిసేలా చేసి ఉంటే ఆ విలువలో చాలా భాగం గీకిన రంగుతో పాటు చెత్తబుట్టలోకి పోయేది.

అన్ని బళ్లకూ ఇది వర్తించదు. కుళ్లిపోయిన బండిని బాగుచేయక తప్పదు. అయితే మెరుపు కింద ఏముందో చూడాలి. పైన పటారం, లోన లొటారం. మిషిగన్ చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు వెనక చక్రాల పైరేకును, డిక్కీ అడుగును తినేస్తుంది. ఆ కన్నాల్లో లప్పం పెట్టి, రుద్ది, పైన రంగు కొడితే ఫొటోలో అద్దంలా ఉంటుంది. రంగు మందం కొలిచే చిన్న యంత్రం నా జేబులో ఎప్పుడూ ఉంటుంది. అది లేకపోతే పలుచని గుడ్డ చుట్టిన అయస్కాంతమైనా చాలు. అంటుకోని చోట రేకు లేదు, లప్పం ఉంది.

అపోహ: అప్పట్లో జనం ఎగబడి కొన్న బళ్లు కాబట్టే ఇప్పుడు ఇంత ధర

ఇది నాకు చాలా ఇష్టమైన అపోహ. ఎందుకంటే నిజం సరిగ్గా దీనికి తలకిందులు.

1969 షెవ్రొలే కమారో జెడ్ఎల్1 సంగతి తీసుకోండి. ఆ సైజు కార్లలో 400 ఘనపు అంగుళాలకు మించిన ఇంజిన్ పెట్టకూడదని షెవ్రొలే మాతృసంస్థ జనరల్ మోటార్స్ నిబంధన. టాక్సీల కోసం, పోలీసు బళ్ల కోసం వాడే ప్రత్యేక ఆర్డరు పద్ధతిని అడ్డం పెట్టుకుని, పూర్తి అల్యూమినియం 427 ఇంజిన్‌తో ఈ కమారోను తెప్పించారు. ఇల్లినాయ్ రాష్ట్రంలో లా హార్ప్ అనే చిన్న ఊళ్లో ఫ్రెడ్ గిబ్ అనే డీలరు ఏకంగా 50 ఆర్డరు చేశాడు. ఇంజిన్ ఒక్కదానికే 4,000 డాలర్ల పైన పడింది. కారు మొత్తం 7,200 దాటింది. కొనేవాళ్లు లేరు. చాలా బళ్లను కంపెనీకి వెనక్కి పంపాల్సి వచ్చింది. మొత్తం తయారైనవి 69.

ప్లిమత్ సూపర్‌బర్డ్ కథా అంతే. 1970లో నాస్కార్ అనే అమెరికన్ కారు పందేల్లో దింపాలంటే దాదాపు 1,900 బళ్లు జనానికీ అమ్మాలి. పేరుమోసిన పందెం డ్రైవరు రిచర్డ్ పెటీని ఫోర్డ్ నుంచి ప్లిమత్‌కు వెనక్కి రప్పించింది ఈ బండే. పందెంలో రాజు, షోరూములో మాత్రం ఆ పొడుగు ముక్కూ, వెనక గోపురమంత రెక్కా చూసి జనం నవ్వారు. అమ్ముడుపోక కొందరు డీలర్లు ముక్కూ రెక్కా ఊడదీసి మామూలు ప్లిమత్ రోడ్ రన్నర్‌గా మార్చి వదిలించుకున్నారు. అవి ఈనాడు ఎంతకు పోతున్నాయో తెలిస్తే ఆ డీలర్లు ఊడదీసిన రెక్కలను పూజగదిలో పెట్టుకునేవారు.

అప్పుడు అమ్ముడుపోలేదు కాబట్టే ఇప్పుడు తక్కువగా ఉన్నాయి. బీమా కంపెనీలు కుర్రాళ్ల మీద ప్రీమియం పెంచడం, పొగ నిబంధనలు, 1973 చమురు సంక్షోభం కలిసి ఆ కాలానికి తెర దించాయి. 1964 పోంటియాక్ జీటీఓతో మొదలైందనుకుంటే పదేళ్లయినా నిండలేదు.

అపోహ: కంపెనీ చెప్పిన హార్స్‌పవరే అసలు బలం

హెమీకి 1966 నుంచి 1971 దాకా కాగితం మీద 425. బాస్ 429 మస్టాంగ్‌కు 375. రెండూ తక్కువ చేసి చెప్పినవేనని వాటిని విప్పి బిగించినవాళ్లందరూ అంటారు. 1972లో లెక్క తలకిందులైంది. ఇంజిన్‌ను ఒంటరిగా కొలవడం మాని, ఫ్యాను, సైలెన్సరు అన్నీ తగిలించి కొలిచిన అంకెలు ప్రకటించడం మొదలుపెట్టారు. 1971, 1972 అంకెలను పక్కపక్కన పెట్టి "ఒక్క ఏడాదిలో ఇంజిన్ సగం చచ్చింది" అనేవాళ్లకు ఇదే జవాబు.

అపోహ: బంగారం లాంటి పెట్టుబడి

2006, 2007 ప్రాంతంలో హెమీల ధరలు ఆకాశాన్ని అంటాయి. ఆ తరువాత వచ్చిన మాంద్యంలో అప్పు చేసి కొన్నవాళ్లు నష్టానికి వదులుకున్నారు. ఇప్పుడు కొనే తరం మారుతోంది. తొంభైలలో పెరిగినవాళ్లకు జపాను కార్లంటే మోజు.

టీవీలో వేలం చూసి ధర కట్టకండి. సుత్తి పడిన అంకెకు కొనేవాడు రుసుము కలుపుకోవాలి, అమ్మేవాడు తన రుసుము తగ్గించుకోవాలి. పాట ఆగిన ప్రతి చోటా బండి అమ్ముడైనట్టూ కాదు. 2021లో ఇండియానాపోలిస్‌లో, మొదట చెప్పిన 1971 హెమీ కుడా కన్వర్టిబుల్ రకానికే 48 లక్షల డాలర్ల దాకా పాట వచ్చింది. యజమాని అమ్మలేదు.

బంగారాన్ని లాకరులో పెట్టి మరిచిపోవచ్చు, కారును మరిచిపోలేం. కదలకుండా ఉంటే ఆయిల్ సీళ్లు ఎండిపోతాయి, టైర్లు ఒకవైపు చదునవుతాయి, ఇథనాల్ కలిసిన పెట్రోలు కార్బురేటరులో నిల్వ ఉండి పాడవుతుంది. మొన్న ఫోను చేసిన తమ్ముడికి ఇదే చెప్పాను. షెవెల్ చూడడానికి శనివారం వెళ్తున్నాం. ట్యాంకు కిందికి దూరే పని ఉంది, పాత చొక్కా వేసుకుని రమ్మన్నాను.