లైన్ ఆగితే ఎవరిని పిలుస్తారు?

ఆటోమేటిక్ ఫ్యాక్టరీలో కన్వేయర్ ఉన్నట్టుండి ఆగిపోయిందనుకోండి. మోటారు బాగానే ఉంది, కరెంటూ వస్తోంది. టెక్నీషియన్ ప్యానెల్ తలుపు తీసి, పీఎల్‌సీ (మెషీన్లను నడిపించే చిన్న పారిశ్రామిక కంప్యూటర్) మీద వరుసగా ఉన్న చిన్న లైట్లు చూస్తారు. వెలగాల్సిన లైటు ఒకటి వెలగడం లేదు. ఆ వైరు వెంట వెళ్తే చివర ఒక సెన్సర్, దాని లెన్స్ మీద దుమ్ము. తుడవగానే లైన్ కదులుతుంది. తుడవడం ఎవరైనా చేస్తారు. అక్కడిదాకా చేరడానికే చదువు కావాలి. అమెరికాలో ఆ చదువు చెప్పే బాధ్యత చాలావరకు కమ్యూనిటీ కాలేజీలదే, అంటే ఊళ్లలో ఉండే రెండేళ్ల కాలేజీలదే.

మొదట్లో వీటి ఉద్దేశం వేరు. 1901లో ఇల్లినాయ్‌లో మొదలైన జోలియట్ జూనియర్ కాలేజీ, డిగ్రీలో మొదటి రెండేళ్లు ఊళ్లోనే చదువుకునే వీలు కల్పించింది. 1917లో స్మిత్-హ్యూస్ చట్టం వృత్తి విద్యకు ఫెడరల్ డబ్బు ఇచ్చింది కానీ, దాన్ని మామూలు చదువుకు దూరంగా పెట్టింది. లెక్కలు ఒకవైపు, పనిముట్లు ఇంకోవైపు అయ్యాయి. పిల్లలకు అది చేసిన అన్యాయం చిన్నది కాదు.

1961లో న్యూజెర్సీలోని జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీలో తొలి పారిశ్రామిక రోబో యూనిమేట్ పనిలోకి దిగింది. అందరూ దాని గురించే చెప్తారు. నా దృష్టిలో, పనివాళ్ల రోజువారీ పనిని అంతకన్నా ఎక్కువ మార్చింది పీఎల్‌సీ. అంతకుముందు మెషీన్ పని వరస మార్చాలంటే బీరువాల నిండా ఉన్న రిలేల (కరెంటుతో పనిచేసే స్విచ్‌ల) వైర్లు విప్పి మళ్లీ కలపాల్సి వచ్చేది. ఈ బాధ తప్పించే దారి కావాలని 1968లో జనరల్ మోటార్స్ అడిగింది. ఇంజనీరు డిక్ మార్లీ బృందం మోడికాన్ 084 అనే పీఎల్‌సీని తయారుచేసింది. పీఎల్‌సీ ప్రోగ్రామును రిలే డ్రాయింగులాగే, నిచ్చెన మెట్ల రూపంలో రాస్తారు. పాత ఎలక్ట్రీషియన్లు కూడా చూసి అర్థం చేసుకోగలిగారు. అయితే ఇక వైరింగు, మెకానిక్ పని, ప్రోగ్రామింగు మూడూ ఒక్క మనిషికే తెలియాల్సి వచ్చింది. కాలేజీల్లో మాత్రం అవి వేర్వేరు కోర్సులుగానే ఉండిపోయాయి.

రెండేళ్ల కాలేజీల్లో టెక్నీషియన్ల శిక్షణకు నేషనల్ సైన్స్ ఫౌండేషన్ అనే ప్రభుత్వ సంస్థ గ్రాంట్లు 1992 నాటి చట్టంతో మొదలయ్యాయి. ఈలోగా అమెరికాలో ఫ్యాక్టరీ ఉద్యోగాలు తగ్గిపోయాయి. 1979లో సుమారు 1.95 కోట్లున్నవి 2010కి 1.15 కోట్లకు పడిపోయాయి. అదే 2010లో కెంటకీలో టయోటా చొరవతో ఫేమ్ అనే టెక్నీషియన్ల శిక్షణ కార్యక్రమం మొదలైంది. వారంలో రెండు రోజులు కాలేజీ, మూడు రోజులు ఫ్యాక్టరీలో జీతంతో పని.

ఇలాంటి కోర్సుల్లో మాస్టారు బెంచి మీది మెషీన్‌లో కావాలనే ఒక వైరు వదులు చేసి, తప్పెక్కడుందో కనుక్కోమంటారు. అలా నేర్పగలవాళ్లకు ఫ్యాక్టరీలు కాలేజీకన్నా మంచి జీతమే ఇస్తాయి. అందుకే గ్రాంటుతో రోబో కొన్నంత సులువుగా కాలేజీలకు మాస్టారు దొరకడం లేదు.